ముప్పై సైకిళ్ళను దాటాలంటే బస్సుకు అర కిలోమీటర్ రోడ్డు కావాల

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ఆర్టీసీలో 31 ఏండ్లు డ్రైవర్‌గా చేసి 2018లో రిటైర్ అయినా, కడపలో ఉంటా. పేపర్‌కు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోన్లో మాట్లాడితే అదే టైప్ చేసుకుంటుందని మా మనవడు నేర్పించినాడు, కాబట్టి మాట్లాడినట్టే ఉంటాది, తప్పులుంటే మీరే సర్దుకోండి.

విషయం సైకిల్ ఈవెంట్ల గురించి. మన పక్క ఇవి ఈమధ్య బాగా ఎక్కువైనాయి. జూన్ 3 ప్రపంచ సైకిల్ దినం అని ఒకటి, ఆగస్టు 15కు ఒకటి, షుగర్ మీద అవగాహన అని ఒకటి, ఇంగ 2024 డిసెంబర్లో ఫిట్ ఇండియా వాళ్ళు సైకిల్ కార్యక్రమం మొదలుపెట్టినాక ఆదివారం వస్తే చాలు యాడో ఒకచోట జెండా ఊపుతానే ఉంటారు. మంచిదే. నాకు సైకిల్ అంటే కోపమేం లేదు, ఫస్ట్ సర్వీసు డ్యూటీ ఉంటే తెల్లారుజామున మూడున్నరకు డిపోకు నేను పోయింది సైకిల్ మీదనే, అప్పట్లో డైనమో లైటు లేకపోతే పోలీసాయన ఆపి టైర్లో గాలి తీసి పంపించేవాడు, నాకు రెండు సార్లు తీసినారు. కాబట్టి సైకిల్ వాళ్ళ మీద పడి ఏడ్చే ముసలోడు అనుకోవద్దండి. నేను చూసింది చెప్తా.

పోయిన నెల ఒక ఆదివారం చుట్టాల గృహప్రవేశం ఉంటే జమ్మలమడుగులో బస్సు మారి గండికోట రోడ్డు పట్టుకున్నాం. పల్లెవెలుగు. నేను ఇప్పటికీ డ్రైవర్ వెనక సీట్లోనే కూచుంటా, ఆయన బ్రేక్ తొక్కితే నా కాలు కూడా కదుల్తాది, మా ఆవిడ అందుకే నా పక్కన కూచోదు. ఊరు దాటి నాలుగైదు కిలోమీటర్లు పోయినామో లేదో ముందర సైకిళ్ళు. ఒకటీ రెండూ కాదు, ముప్పై దాకా, అందరికీ ఒకే రంగు జెర్సీలు, కడపలో చీకటితోనే బయల్దేరి గండికోటకు పోతాండారంట. నలుగురు నలుగురు పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటా పోతాండారు. మధ్యలో ఒకాయన రెండు చేతులూ వదిలేసి ఫోన్ పైకెత్తి వీడియో తీసుకుంటాండాడు. చెవుల్లో ఆ తెల్లవి పెట్టుకున్నోళ్ళు ఎంతమందో. వాళ్ళ వెనకాల ఆర్గనైజర్ల కారు, డిక్కీ పైకెత్తి పాటలు పెట్టి, అది కూడా రోడ్డు మధ్యలోనే, సైకిళ్ళ స్పీడులోనే. ఫోటోలు తీసే అబ్బాయి ఒకడు బైక్ మీద వెనక్కి తిరిగి కూచుని ఆ మందలోకి దూరతాండాడు, బయటికి వస్తాండాడు.

మా డ్రైవర్ కుర్రోడు ఓపికమంతుడు. ఒక హారన్ కొట్టి సైడ్ ఇస్తారేమో అని చూసినాడు, ఇవ్వలే, గమ్మున రెండు కిలోమీటర్లు వాళ్ళ వెనకే పోయినాడు. అంతలో మా వెనక ఒక కారాయన మొదలుపెట్టినాడు, హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. రోడ్డు రవ్వంత నేరుగా వచ్చింది, ఎదురుగా ఏమీ లేదు, డ్రైవర్ రైట్‌కు తీసి ఓవర్‌టేక్ మొదలుపెట్టినాడు. సగం దాటినాం. అప్పుడు మిట్ట మీద నుంచి గడ్డి లోడుతో ట్రాక్టర్ దిగింది. ఇంగ డ్రైవర్ ఏం చేయాల? ముందుకు పోతే ట్రాక్టర్, ఎడమకు మడిస్తే సైకిళ్ళు, ఆగి వెనక్కి తగ్గుదామంటే వెనక కారాయన మా తోకపట్టుకుని తను కూడా రైట్‌కు వచ్చేసినాడు. సడన్ బ్రేక్. బస్సులో నిలబడినోళ్ళు ఒకరి మీద ఒకరు పడినారు, కండక్టరమ్మ టికెట్ మిషన్ యాడికో పోయింది. ఆ ట్రాక్టర్ అబ్బాయి పుణ్యాత్ముడు, లోడుతో మార్జిన్ దిగిపోయినాడు, బండి పడిపోతుందని కూడా చూసుకోలే. లేకుంటే ఈ ఉత్తరం మీరు వేరే పేజీలో వార్తగా చదివేవాళ్ళు.

సైకిళ్ళలో అంచున పోతాండే పిల్లోడు ఒకడు ఆ బ్రేకు చప్పుడుకు బెదిరి తారు అంచు దిగినాడు. ఆ గేర్ సైకిళ్ళ టైర్లు బొటనవేలంత సన్నం, తారుకూ మార్జిన్‌కూ నాలుగు వేళ్ళ ఎత్తు తేడా ఉంటే చాలు మళ్ళీ ఎక్కవు, జారిపోతాయి. వాడు పడినాడు, వాడి మీద వెనకొచ్చే ఇద్దరు. మోకాళ్ళు, మోచేతులు కొట్టుకుపోయినాయి, అంతకన్నా ఏం కాలేదు. నేనే దిగి లేపినా. హెల్మెట్ ఉంది తలకు, కానీ గడ్డం కింద క్లిప్ పెట్టుకోలే, అది మెడ వెనకాలకు జారి వేలాడతాంది. అట్లాంటి హెల్మెట్ పెట్టుకున్నా ఒకటే, ఇంట్లో మేకుకు తగిలించినా ఒకటే.

ఇంతలో ఒకాయన వచ్చి డ్రైవర్ కిటికీ కింద నిలబడి అరుపులు. "ఇది ఈవెంట్, మాకు పర్మిషన్ ఉంది, నీ బస్సు నంబర్ నోట్ చేసుకున్నాం" అంటాడు. నేను అడిగినా, "నాయనా పర్మిషన్ ఉంది సరే, రోడ్డు మూసినారా?" అని. మూయలేదు. మరి? పర్మిషన్ కాయితం అంటే మీరు ఫలానా రోజు ఫలానా దారిలో పోతున్నట్టు పోలీసులకు తెలుసు అని, అంతేగానీ ఆ పూటకు రోడ్డు మీ పేరున రాసిచ్చినట్టు కాదు. నిజంగా రేసు అయితే ముందర పోలీసు బండి పోతా ఎదురొచ్చే బండ్లను ఆపుతాది, చివరి సైకిల్ దాటినాక వెనక బండి వచ్చి రోడ్డు వదుల్తాది, అట్ల చేస్తే ఎనిమిది మంది పక్కపక్కన తొక్కినా ఎవరూ అనరు. రోడ్డు తెరిచిపెట్టి అందులో రేసు మాదిరి పోతామంటేనే తంటా. సైకిల్‌కు లైసెన్సు లేదు, నంబర్ ప్లేట్ లేదు, ఇన్సూరెన్సు లేదు, తొక్కేవాడికి ఇదీ రూలు అని చెప్పే మనిషి ఆ పూట ఆర్గనైజర్ ఒక్కడే, ఆయన పాటలు పెట్టుకుని వెనకాల వస్తాండాడు.

ఇప్పుడు అసలు సంగతి. అందరూ అనేది "ఒకే లైన్లో పోతే సరిపోతుంది" అని. సరిపోదు సార్. నేను పదో తరగతి తప్పినోణ్ణి గానీ ఈ లెక్క 31 ఏండ్లు కళ్ళతో వేసినా, మనవడి చేత కాయితం మీద కూడా వేయించినా. ఒక సైకిల్, దాని ముందు ఖాళీ కలిపి మూడు మీటర్లు అనుకోండి. ముప్పై సైకిళ్ళు ఒకే లైన్లో అంటే 90 మీటర్లు. బస్సు 12 మీటర్లు దాకా, ముందూ వెనకా వదలాల్సింది ఇంకో 20. బస్సు 50 స్పీడు, సైకిళ్ళు 25, తేడా సెకనుకు 7 మీటర్లు. అంటే ఆ లైను మొత్తం దాటడానికి 17 సెకన్లు బస్సు రైట్ సైడ్‌లోనే ఉండాల. 17 సెకన్లలో బస్సు 240 మీటర్లు పోతాది, ఎదురొచ్చే లారీ కూడా 50లో ఉంటే అదీ 240 మీటర్లు వస్తాది. మొత్తం అర కిలోమీటర్ దాకా ఎదురు ఖాళీగా కనపడాల. గండికోట రోడ్డులో ఆ మిట్టలకూ మలుపులకూ అర కిలోమీటర్ యాడ కనపడతాది? ఇంగ వెనకాల ఆ పాటల కారు ఒకటి, దాన్ని కూడా కలుపుకోండి, పైగా దాని వెనకుంటే ముందు ఏముందో కనపడదు.

ఇద్దరిద్దరుగా పోతే పొడవు సగమవుతాది, అదీ నిజమే, నలుగురు పక్కపక్కన పోతే ఇంకా తగ్గుతాది, కానీ రోడ్డు మొత్తం వాళ్ళదే అయిపోతాది. మరి ఏం చేయాల అంటే ముక్కలు చేయాల. ఆరుగురు ఒక జట్టు, ఒకే లైను. ఆరుగురంటే 18 మీటర్లు, దాటడానికి 7 సెకన్లు, ఎదురుగా 200 మీటర్లు ఖాళీ ఉంటే చాలు. ఆ జట్టుకూ ముందు జట్టుకూ మధ్య కనీసం 100 మీటర్లు వదలాల, ఎందుకంటే ఒక జట్టును దాటిన బస్సు ఎడమకు వచ్చి నిలదొక్కుకుని మళ్ళీ ముందు చూసుకుని రెండో జట్టును దాటాల. ఆ ఖాళీ లేకపోతే నేను పైన చెప్పింది జరుగుతాది, సగంలో చిక్కుకుంటాం. ముప్పై మందికి అయిదు జట్లు, మూడు మూడు నిమిషాల తేడాతో వదిలితే అయిపాయె. దీనికి పైసా ఖర్చు లేదు. కానీ అట్ల చేస్తే ఫోటోలో మంది తక్కువ కనపడతారు కదా, అదీ బాధ.

ఇదంతా మా మనవడితో చెప్తే వాడు ఇంకోటి చెప్పినాడు. వాడు ఇంజనీరింగ్ చదువుతాండాడు, వాడికీ ఈ పిచ్చి ఉండాది. ఫ్రాన్స్‌లో పుట్టిన బ్రెవే అనే పద్ధతి ఒకటి మన దేశంలో కూడా నడుస్తాందంట, 200 కిలోమీటర్లయితే పదమూడున్నర గంటలు టైము, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు. అక్కడ ఫస్టు సెకండు లేదు, టైములోపల వస్తే అందరూ సమానమే. మధ్యలో కంట్రోల్ పాయింట్ల దగ్గర కార్డు మీద ముద్ర. రాత్రి పూట ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, మెరిసే జాకెట్టు ఉండాల్సిందే. కంట్రోళ్ళ మధ్యలో వెనకాల కారు పెట్టుకుని పోతే ఒప్పుకోరంట. ఎవరి సైకిల్ వాడు, ఎవరి రిపేరు వాడు. నాకు ఇది బాగా నచ్చింది, ఎందుకంటే పదమూడున్నర గంటలంటే గంటకు 15 కిలోమీటర్లు, అంత టైమున్నప్పుడు బస్సు ముందు నుంచి దూరిపోవాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. మన దగ్గర ఈవెంట్లలో "రేసు కాదు" అని బ్యానర్ మీద రాస్తారు, కింద ఫస్టు వచ్చినోనికి ట్రోఫీ.

వాడే ఒక వీడియో కూడా చూపించినాడు, 2021లో టూర్ ద ఫ్రాన్స్ అని ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద సైకిల్ రేసు మొదటి రోజుది. రోడ్డు పక్కన ఒకామె అట్టముక్క మీద ఏదో రాసి టీవీ కెమెరాకు చూపిస్తా నిలబడింది, ఒక రైడర్‌కు అది తగిలింది, ఆయన పడినాడు, ఆయన మీద పదుల మంది కుప్పగా పడినారు. అది రోడ్డు మొత్తం మూసిన చోట, ప్రపంచంలో అంత బాగా తొక్కేవాళ్ళు ఇంకొకరు లేని చోట. మన వాళ్ళు నెలకొకసారి సైకిల్ తీసే వాళ్ళు, పక్కోడి హ్యాండిల్‌కు జానెడు దూరంలో ఫోన్ పట్టుకుని తొక్కుతారు.

సరే, సైకిల్ వాళ్ళనే అంటే సగం అబద్ధం చెప్పినట్టు. తప్పు మా వైపు కూడా ఉండాది. 1990ల్లో ఒకసారి లేటయిపోయిందని పాలాయన సైకిల్‌కు బాగా దగ్గరగా బస్సు కొట్టుకుపోయినా. తగల్లేదు. కానీ పెద్ద బండి పక్కనుంచి పోతే ముందు గాలి తోస్తాది, వెంటనే లోపలికి లాగుతాది, ఆ లాగుడుకు ఆయన పడినాడు, రెండు క్యాన్ల పాలు రోడ్డు మీద. అద్దంలో చూసినా. ఆగలేదు. మూడు రోజుల తర్వాత అదే చోట ఆయన కనపడి చెయ్యెత్తి దండం పెట్టినాడు, తిట్టి ఉంటే బాగుండేది. అప్పటి నుంచి సైకిల్ కనపడితే ఒకటిన్నర మీటరు వదలకుండా దాటలేదు నేను, అంత ఖాళీ లేకపోతే వెనకనే ఉండినా, ఎవడు ఎంత హారన్ కొట్టినా. లారీ డ్రైవర్లకు, కార్ల వాళ్ళకు కూడా ఇదే చెప్తా. సైకిల్ దగ్గరికి పోయి పక్కనే హారన్ కొట్టొద్దండి, బెదిరి మీ మీదికే వస్తారు, దూరం నుంచే ఒకసారి చిన్నగా కొట్టి వదిలేయండి.

తెల్లారుజామున రోడ్డు ఖాళీ కదా అనుకునే వాళ్ళకు ఒక మాట. 2024 ఫిబ్రవరి 28న నవీ ముంబైలో ఇంటెల్ ఇండియాకు ఒకప్పుడు అధిపతిగా చేసిన అవతార్ సైనీ అనే పెద్దమనిషి, 68 ఏండ్లు, తెల్లవారకముందే సైకిల్ తొక్కుతాంటే వెనకనుంచి క్యాబ్ వచ్చి కొట్టింది, చనిపోయినాడు. 2022లో మన దేశంలో రోడ్డు మీద పోయిన ప్రాణాలు 1,68,491 అని కేంద్ర ప్రభుత్వ లెక్క. తెల్లారుజామున రాత్రంతా బండి తోలిన డ్రైవర్ కళ్ళు ఎట్లుంటాయో నాకు తెలుసు, తెరిచే ఉంటాయి, కానీ చూడవు. అందుకే వెనక ఎర్ర లైటు ఒకటి తప్పకుండా ఉండాల, వెలిగి ఉండాల, బ్యాగు కప్పేయకూడదు. చాలామందికి లైటు ఉంటాది, దాని మీద జాకెట్ వేలాడతా ఉంటాది.

ఇంగ చిన్న చిన్నవి. నీళ్ళ బాటిళ్ళు, శక్తికని మధ్యలో పిండుకుని తినే ఆ జెల్ ప్యాకెట్లు రోడ్డు మీద పడేస్తాండారు, ఎనకొచ్చే వానికే అవి కాలయముడు. ఫోటో కోసమో, వెనక జట్టు రావాలనో ఆగితే మార్జిన్ దిగి సైకిల్ పక్కన పెట్టుకుని నిలబడండి, మలుపు మీద గుంపుగా నిలబడొద్దు. గుంత కనపడితే ముందున్నోడు చేత్తో చూపించి అరవాల, గమ్మున తప్పుకుంటే వెనకోడు అందులో పడతాడు. 108 యాడి నుంచి వస్తాది, దగ్గర్లో ఆస్పత్రి జమ్మలమడుగా ప్రొద్దుటూరా, అది బయల్దేరక ముందే చూసుకోండి, పడినాక ఫోన్లో వెతుక్కోవడం కాదు. జాతీయ రహదారి మీదయితే 1033 కూడా ఉండాది. పడినోణ్ణి లేపితే కేసులో ఇరుక్కుంటామని ఇప్పటికీ జనం భయపడతాండారు, అది లేదు, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ అని పెట్టినారు, సాయం చేసినోణ్ణి ఇబ్బంది పెట్టకూడదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఆ రోజే ఆ గుంపు ముందర జీవాలు అడ్డమొచ్చినాయంట, ఇద్దరు ముగ్గురు ఆ గొర్రెలాయన్ను బూతులు తిట్టినారంట, గృహప్రవేశంలో ఊరోళ్ళే చెప్పినారు. ఆయన రోజూ పొద్దున అదే టైముకు అదే చోట దాటతాడు, ఆయనకు ఈవెంట్ ఉందని ఎవరు చెప్పినారు? రోడ్డు మీద కళ్ళాలు వేసుకుంటారు, ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా వస్తాయి, ఇవన్నీ తప్పులే, నేనూ ఒప్పుకుంటా, కానీ ఆదివారం పూట ఊళ్ళోకి వచ్చిపోయేది మనం. ముందురోజు ఆ దారిలో ఉండే నాలుగు ఊర్లలో మైకులో చెప్పిస్తే పోయేదేముంది.

ఇప్పుడు ఈ ఉత్తరం రాయడానికి కారణం, తర్వాతి ఈవెంట్ రాయచోటి వైపు పెడతామని వాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చిందంట. రాయచోటి వైపు అంటే గువ్వలచెరువు ఘాట్. ఎక్కేటప్పుడు కష్టమని అందరికీ తెలుసు, భయపడాల్సింది దిగేటప్పుడు. లోడు లారీ అక్కడ చిన్న గేర్లో పాకుతా దిగుతాది, సైకిల్ దానికన్నా స్పీడుగా దిగుతాది, అంటే సైకిలోడు లారీని దాటాలనుకుంటాడు, మలుపులో. లారీ డ్రైవర్‌కు ఎడమ పక్క ముందు చక్రం దగ్గర ఉన్న మనిషి కనపడడు, ఇది రాసిపెట్టుకోండి, నాకు కూడా బస్సులో కనపడేవాడు కాదు. మొత్తం దారీ బ్రేకు పట్టుకునే దిగితే సైకిల్ రిమ్ము కూడా కాలిపోతాది, చెయ్యి పెట్టి చూడండి. లారీలకే బ్రేకులు ఫెయిలయ్యే చోటు అది. ఆ ఘాట్‌లో ముప్పై మందిని ఒకేసారి దించొద్దని ఆర్గనైజర్లకు, పర్మిషన్ ఇచ్చే ఆఫీసర్లకు చేతులెత్తి అడుగుతాండా. గువ్వలచెరువు పాలకోవాకు పేరు కదా, అది తినాలనుంటే బస్సులో పోయి తిని రండి.

మెడల్స్‌కు పెట్టే డబ్బుల్లో కొంచెం తీసి ఆ దారిలో ఊర్ల సైకిళ్ళకు ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అతికిస్తే ఎంత బాగుంటాది. కొత్త సైకిళ్ళకు రిఫ్లెక్టర్లు ఉండాలని 2020లోనే కేంద్రం ఆర్డరిచ్చింది, కానీ పాలాయన సైకిల్ ఇరవై ఏండ్లది, అప్పుడెప్పుడో బడికొస్తా పథకంలో ఆడపిల్లలకు ఇచ్చిన సైకిళ్ళు ఇప్పుడు వాళ్ళ నాయనలు చేన్లకు తొక్కుతాండారు, వెనక మెరిసేది ఏదీ లేదు వాటికి. ఒక్కో సైకిల్‌కు పది ఇరవై రూపాయల పని.

మా మనవడి సైకిల్‌కు అద్దం పెట్టించినా, వెనకొచ్చేది కనపడాలని. రెండో రోజే పీకేసినాడు, అద్దం ఉంటే లుక్కు పోతాదంట. మళ్ళీ పెట్టించినా.

ఈవెంట్ పెట్టే వాళ్ళకు మనుషులు చాలకపోతే నన్ను పిలవండి. ఆదివారం నాకు ఏ పనీ లేదు. ఎర్రగుంట్ల జంక్షన్‌లో నిలబడమన్నా, ఘాట్ మలుపులో నిలబడమన్నా ఎర్ర జెండా పట్టుకుని నిలబడతా, నా డ్యూటీ చొక్కా ఇంకా ఉంది, బీరువాలో. పొద్దున నాలుగుకల్లా వస్తా, అలవాటే. టీ మాత్రం ఇప్పించాల.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్,
కడప